మందు ఒంట్లోకి వెళ్ళాక ఏమవుతుంది?

(ఫార్మసీ, రసాయనశాస్త్ర విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. చివరి వరుస దాకా వినబడుతోందా? మంచిది. తెర మీదికి ఇప్పుడే వెళ్ళను. ముందు ఒక సంగతి చెబుతాను.

1993వ సంవత్సరం. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో హెపటైటిస్ బి రోగులకు ఒక కొత్త మందు ఇచ్చి చూస్తున్నారు. దాని పేరు ఫియాలురిడిన్. రోగులు 15 మంది. మొదటి వారాల్లో రక్తంలో వైరస్ తగ్గుతూ వచ్చింది. మందు పనిచేస్తోందని అందరికీ ఆశ కలిగింది. ఆ తరవాత ఒక రోగి కాలేయం ఉన్నట్టుండి చేతులెత్తేసింది. అందరికీ మందు ఆపేశారు. ఆపేసినా ఆగలేదు. మొత్తం ఏడుగురి కాలేయం తీవ్రంగా దెబ్బతింది. వారిలో అయిదుగురు చనిపోయారు, ఇద్దరు కాలేయ మార్పిడితో బయటపడ్డారు.

మందు ఆపేసినా ఆగలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. చివరలో మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు మీరు అడగవలసిన ప్రశ్న ఏమిటి? ముందు జంతువుల మీద పరీక్షించలేదా అని. పరీక్షించారు. ఎలుకలు తట్టుకున్నాయి. మరి మనుషులు ఎందుకు తట్టుకోలేకపోయారు? ఈ మందు చూడటానికి డీఎన్ఏలోని ఒక అక్షరంలా ఉంటుంది. మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఉందని మీకు తెలుసు. అది కాపీ అయ్యేటప్పుడు అసలు అక్షరం అనుకుని ఈ మందును కూర్చేసుకుంటుంది. అయితే దానికి ముందు మందు మైటోకాండ్రియా లోపలికి వెళ్ళాలి కదా? వెళ్ళాలంటే ఒక తలుపు కావాలి. మనుషుల మైటోకాండ్రియా పొర మీద ఆ తలుపు పనిచేసే రవాణా ప్రోటీన్ ఉంది. ఎలుకల మైటోకాండ్రియా మీద లేదు. ఈ తేడా సంగతి 2006లో గాని బయటపడలేదు. అంటే పదమూడేళ్ళ తరవాత.

2000లో ఒక పెద్ద పరిశీలన ప్రచురించారు. మనుషుల్లో విషప్రభావం చూపిన 150 మందుల్ని తీసుకుని, ఆ ప్రభావాలు అంతకు ముందు జంతువుల్లో కనిపించాయా లేదా అని వెనక్కి వెళ్ళి చూశారు. ఎలుక జాతి జంతువులు, ఇతర జంతువులు అన్నీ కలిపితే నూటికి 71 కనిపించాయి. ఎలుక జాతి ఒక్కటే చూస్తే నూటికి 43. దీన్ని బట్టి జంతు పరీక్షలు పనికిరావని నేను అనను. ఆ మిగిలిన 29 ఎక్కడ దాక్కున్నాయో వెతకడానికి మరో చూపు కావాలి అంటాను. ఇవాళ్టి నా ప్రసంగం ఆ చూపు గురించే, అంటే అణువుల్ని తూచే యంత్రం గురించి, వాటి గుణాన్ని అంచనా వేసే కంప్యూటర్ గురించి.

సరే, ఇప్పుడు తెర వైపు చూడండి.

మనం సాధారణంగా ‘ఈ మందు విషమా, కాదా’ అని అడుగుతాం. ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తూ నాకు అర్థమైనది ఏమిటంటే, ఆ ప్రశ్న తప్పు. ఒంట్లోకి వెళ్ళాక ఇది ఏమవుతుంది, ఎంత అవుతుంది, ఎవరి ఒంట్లో అవుతుంది, ఈ మూడూ అడగాలి. ఏమవుతుంది, ఎంత, ఎవరిలో. మిగతా ప్రసంగమంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

మొదటిది, ఏమవుతుంది. టెర్ఫెనడిన్ అనే అలర్జీ మందును తీసుకోండి. నిద్ర మత్తు రాదని కోట్ల మంది వాడారు. మింగగానే పేగుల్లో, కాలేయంలో సిప్ 3ఏ4 అనే ఎంజైము దాన్ని పట్టుకుని దాదాపు మొత్తాన్నీ ఫెక్సోఫెనడిన్‌గా మార్చేస్తుంది. అలర్జీని తగ్గించేది అసలు ఈ రెండోదే. ఇప్పుడు అదే రోగి ఫంగస్ కోసం కీటోకొనజోల్ కూడా వేసుకున్నాడనుకోండి. ఆ ఎంజైము మూతబడుతుంది. టెర్ఫెనడిన్ మారకుండానే రక్తంలో పేరుకుని గుండెకు చేరుతుంది. అక్కడ హెర్గ్ అనే పొటాషియం ద్వారాన్ని మూసేస్తుంది, గుండె లయ తప్పుతుంది. ఇందువల్ల మరణాలు సంభవించాయి. 1998లో అమెరికాలో ఆ మందును ఉపసంహరించారు. ఒంట్లో తయారయ్యే ఫెక్సోఫెనడిన్‌నే మందుగా తెచ్చారు, నేటికీ వాడుతున్నారు. ఇక్కడ మింగినది ప్రమాదం, ఒళ్ళు తయారుచేసినది మందు. అణువుల్ని తూచే యంత్రం మాస్ స్పెక్ట్రోమీటర్‌లో ఈ రెండింటికీ మధ్య కనిపించే తేడా ఎంతో తెలుసా? 472 దగ్గర ఒక పీక్, అంటే గ్రాఫులో లేచే గీత, 502 దగ్గర ఒక పీక్. 30 యూనిట్లు. ఒక మిథైల్ సమూహం ఆమ్ల సమూహంగా మారింది, అంతే.

దీనికి సరిగ్గా తిరగబడిన కథ పారాసెటమాల్‌ది. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన విద్య అంతా ఈ ఒక్క అణువులో కనిపిస్తుంది.

పారాసెటమాల్ ద్రవ్యరాశి 151. మామూలు మోతాదులో వేసుకుంటే చాలా భాగానికి కాలేయం గ్లూకురోనిక్ ఆమ్లాన్నో సల్ఫేట్‌నో తగిలించి మూత్రంలో పంపేస్తుంది. కొద్ది భాగం, నూటికి 5 నుంచి 10 వంతులు, వేరే దారి పడుతుంది. సిప్ 2ఈ1 వంటి ఎంజైములు దాని నుంచి రెండు హైడ్రోజన్లు లాగేస్తాయి. 149 ద్రవ్యరాశి ఉన్న నాప్‌క్వి అనే పదార్థం పుడుతుంది. అది ఊరుకునే రకం కాదు. ఎదురైన ప్రోటీన్‌కల్లా అతుక్కుంటుంది. మరి రోజూ ఇంతమంది ఈ మాత్ర వేసుకుని ఎలా క్షేమంగా ఉంటున్నారు? గ్లూటాథయోన్ వల్ల. కాలేయ కణాల్లో అది కావలసినంత ఉంటుంది. నాప్‌క్వి పుట్టగానే ఎదురువెళ్ళి దాన్ని తనకే అతికించుకుంటుంది. మోతాదు మితిమీరితే గ్లూటాథయోన్ తరిగిపోతుంది. నిల్వలో దాదాపు 70 శాతం ఖర్చయ్యాక నాప్‌క్వి కణంలోని ప్రోటీన్ల మీద పడుతుంది. అందుకే విరుగుడుగా ఎన్-అసిటైల్ సిస్టీన్ ఇస్తారు, అది గ్లూటాథయోన్ నిల్వను మళ్ళీ నింపుతుంది. ఎనిమిది గంటల లోపు ఇస్తే బాగా పనిచేస్తుంది. 1973లో వచ్చిన పరిశోధనలు ఈ లెక్క తేల్చాయి.

ఇప్పుడు నా ప్రశ్న. నాప్‌క్వి క్షణాల్లో మాయమైపోయే పదార్థం. ఉందని ఎలా తెలుసుకుంటారు? దాన్ని పట్టుకోలేం. కాని దాన్ని పట్టుకున్నవాడిని మనం పట్టుకోవచ్చు. ఒక చిన్న గొట్టంలో మనిషి కాలేయం నుంచి తీసిన మైక్రోసోమ్‌లు (ఈ ఎంజైములుండే పొర ముక్కలు), మందు, ఎంజైముకు ఇంధనం లాంటి ఎన్ఏడీపీహెచ్, ఎర వేసినట్టుగా గ్లూటాథయోన్. 37 డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచండి. తరవాత ప్రోటీన్లు తీసేసి ఆ ద్రవాన్ని మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపండి.

ఆ యంత్రం ఏం చేస్తుందో ఒక్క ముక్కలో చెబుతాను. ద్రవాన్ని విద్యుత్తు పెట్టిన సూది మొన నుంచి సన్నని తుంపరగా చల్లుతుంది. తుంపర ఆవిరైపోయి ఆవేశం ఉన్న అణువులు మిగులుతాయి. వాటిని తూస్తుంది. నాజూకైన అణువుల్ని విరగకుండా ఇలా ఎగరేసే ఈ విధానానికే జాన్ ఫెన్ 2002లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

నాప్‌క్వి 149, గ్లూటాథయోన్ 307. కూడండి. 456. ఒక ప్రోటాన్ అంటుకుంటుంది కాబట్టి 457. తెర మీద ఆ పీక్ చూడండి. అదిగో, కుడి వైపు. ఇప్పుడు ఆ 457ను యంత్రం లోపలి చిన్న గదిలో వాయువుతో ఢీకొట్టిస్తాం. అది విరిగి 129 యూనిట్ల ముక్కను పోగొట్టుకుంటుంది. గ్లూటాథయోన్ అతుక్కున్న పదార్థాలు ఎక్కువగా ఈ 129నే వదులుతాయి, అది వాటి వేలిముద్ర. అందుకే ఎప్పుడూ చూడని కొత్త మందు ఇచ్చినా, ‘129 వదిలేవాటిని మాత్రమే చూపించు’ అని యంత్రాన్ని అడగవచ్చు. పేరు తెలియకపోయినా దొంగ అడుగుజాడ దొరుకుతుంది.

457లో 129 పోతే? 328. ఇక్కడ ఆగండి. పారాసెటమాల్‌కు గ్లూకురోనిక్ ఆమ్లం తగిలించి ఒళ్ళు క్షేమంగా బయటికి పంపే పదార్థం ఉంది కదా, దాని పీక్ ఎక్కడ వస్తుంది? అదీ 328 దగ్గరే. ఒకటి విషం వదిలిన ముక్క, ఇంకొకటి ఒళ్ళు సర్దుకుని బయటికి పంపుతున్న సరుకు. రెండింటికీ ఒకే అంకె. తేడా ఎక్కడ ఉంది? దశాంశ బిందువు తరవాత. మొదటిది 328.096. రెండోది 328.103. ఒక యూనిట్‌ను వెయ్యి భాగాలు చేస్తే అందులో ఏడు భాగాల తేడా. ముతక యంత్రానికి ఇవి రెండూ ఒకటే. ఆర్బిట్రాప్ లాంటి సునిశితమైన యంత్రం వీటిని విడదీస్తుంది. మరో దారీ ఉంది, రెండో దాన్ని విరగ్గొడితే 176 పోయి 152 మిగులుతుంది, అంటే మామూలు పారాసెటమాల్ తిరిగి వస్తుంది. ప్రతి కొత్త విద్యార్థితో నేను మొదటి రోజు ఈ రెండు పీక్‌లనూ కాగితం మీద చేత్తో లెక్క కట్టిస్తాను. సాఫ్ట్‌వేర్ పేరు పెట్టిందని నమ్మవద్దు. కూడి చూడండి, తీసి చూడండి. ఒకరి కాలేయం గురించి మాట్లాడుతున్నాం.

ఇక కంప్యూటర్ సంగతి.

అణువు ఆకృతిని చూసి దాని గుణం చెప్పవచ్చన్న ఆలోచన పాతదే. 1960లలో కార్విన్ హాంష్ అనే రసాయనశాస్త్రవేత్త ఒక అణువు నూనెలో ఎంత కరుగుతుంది, నీటిలో ఎంత కరుగుతుంది వంటి అంకెలతో దాని ప్రభావాన్ని లెక్కగట్టాడు. తరవాత అనుభవం మీద హెచ్చరిక గుర్తులు పోగయ్యాయి. అనిలిన్ ఉందా, నైట్రో సమూహం ఉందా, థయోఫీన్ వలయం ఉందా, అయితే జాగ్రత్త అని. ఒంట్లో ఇవి నాప్‌క్వి లాంటి పదార్థాలుగా మారే అవకాశం ఉంది.

మంచిదే. మరి క్లోపిడోగ్రెల్‌లో థయోఫీన్ ఉంది, దాన్ని ఏం చేద్దాం? గుండెపోటు వచ్చినవారికి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు అది. అంతేకాదు, ఆ థయోఫీన్ వలయం ఒంట్లో తెరుచుకుంటేనే మందు పనిచేస్తుంది. గుర్తు చూసి పక్కన పడేసి ఉంటే ఎన్ని ప్రాణాలు పోయేవో ఆలోచించండి. హెచ్చరిక గుర్తు తీర్పు కాదు. అక్కడ చూడు అని చెప్పే వేలు మాత్రమే.

కంప్యూటర్ అంచనాను నియంత్రణ సంస్థలు పూర్తిగా అంగీకరించిన చోటు ఒకటి ఉంది. మందులో మిగిలిపోయే మలినాలు డీఎన్ఏను దెబ్బతీస్తాయా అన్న ప్రశ్నకు మందుల నిబంధనల అంతర్జాతీయ మండలి ఐసీహెచ్ 2014లో తెచ్చిన ఎం7 మార్గదర్శకం ప్రకారం రెండు వేర్వేరు రకాల పద్ధతులతో చూడాలి. ఒకటి నిపుణుల నియమాల మీద నడిచేది, ఇంకొకటి గణాంకాల మీద నడిచేది. రెండూ భయం లేదంటే బ్యాక్టీరియా పరీక్ష అక్కర్లేదు. ఇక్కడ ఎందుకు నెగ్గింది? ప్రశ్న ఇరుకైనది కాబట్టి. డీఎన్ఏతో రసాయన చర్య జరుపుతుందా లేదా, అంతే. పైగా బ్రూస్ ఏమ్స్ 1970లలో తెచ్చిన ఆ బ్యాక్టీరియా పరీక్ష పుణ్యమా అని దశాబ్దాల సమాచారం పోగై ఉంది.

కాలేయం దగ్గరికి రండి, పరిస్థితి మారిపోతుంది. ఒక మందు గ్లూటాథయోన్‌ను ఖాళీ చేస్తుంది, ఒకటి మైటోకాండ్రియాను తినేస్తుంది, ఇంకొకటి పైత్యరసం దారి మూసేస్తుంది, మరొకటి రోగ నిరోధక వ్యవస్థను రెచ్చగొడుతుంది. అన్నింటికీ పేరు ఒకటే, కాలేయ నష్టం. కంప్యూటర్‌కు నేర్పించడానికి మన దగ్గర ఉన్నది ఎంత? అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో ప్రచురించిన డిలిర్యాంక్ అనే జాబితాలో 1,036 మందులున్నాయి. వాటిలో 254కు ఇదీ అని తేల్చి చెప్పలేకపోయారు. మిగిలినవి 782. ఫొటోలు గుర్తుపట్టే కంప్యూటర్ నమూనాలకు లక్షల బొమ్మలు చూపిస్తారు. ఇక్కడ 782 మందులు. అందుకే ఎవరైనా వచ్చి మా నమూనా నూటికి 95 సార్లు సరిగ్గా చెబుతుంది అంటే, నేను మొదట అడిగేది ఇది. మీ జాబితాలో విషపూరితమైనవి ఎన్ని? వందలో అయిదే ఉంటే, కళ్ళు మూసుకుని అన్నింటినీ మంచివే అన్నా 95 వస్తుంది కదా? రెండో ప్రశ్న. పరీక్షలో ఇచ్చిన అణువులు, నేర్పించిన అణువులు అక్కాచెల్లెళ్ళా, లేక పరాయివా? అక్కను చూపించి చెల్లెల్ని గుర్తుపట్టమంటే ఎవరైనా పడతారు. రేపు మీరు తయారుచేసే అణువు ఎవరి చెల్లెలూ కాదు.

నేను నమూనాలను తక్కువ చేసి మాట్లాడుతున్నానని అనుకోకండి. నా పనిలో రోజూ వాడతాను. ఈ అణువును ఎంజైము ఏ కార్బన్ దగ్గర కొరుకుతుందో కంప్యూటర్ పది అవకాశాలు చెబుతుంది, ప్రతిదానికీ ద్రవ్యరాశి కట్టి ఇస్తుంది. యంత్రం ముందు కూర్చున్నప్పుడు వేల పీక్‌లలో ఎక్కడ వెతకాలో నాకు తెలుస్తుంది. కొన్నిసార్లు అది చెప్పని చోట ఒక పీక్ లేస్తుంది. అప్పుడు ఆ పీక్‌ను కంప్యూటర్‌కు ఇచ్చి ఇదేమై ఉంటుందని అడుగుతాను. ఇలా ఒకరి తప్పు ఒకరు దిద్దుతూ పోవాలి. ఏ ఒక్కదాన్నీ ఒంటరిగా నమ్మకూడదు.

ఇక మన మూడు ప్రశ్నల్లో రెండోది, ఎంత. దీన్ని త్వరగా చెబుతాను. ట్రోగ్లిటజోన్ అనే మధుమేహం మందు అమెరికాలో 1997లో వచ్చి, కాలేయాలు పాడై 2000లో వెళ్ళిపోయింది. అదే కుటుంబానికి చెందిన పయోగ్లిటజోన్‌కు అలాంటి చరిత్ర లేదు. రెండింటిలోనూ థయాజోలిడిన్‌డయోన్ అనే ఒకే వలయం ఉంది. మొదటిది రోజుకు 200 నుంచి 600 మిల్లీగ్రాములు, రెండోది 15 నుంచి 45. తేడా అంతా మోతాదుదే అని చెప్పను గాని, మోతాదును వదిలేసి అణువు బొమ్మను మాత్రమే చూసే నమూనా నాకు సగం గుడ్డిదిగా కనిపిస్తుంది.

మూడోది, ఎవరిలో. ఒక లెక్క చెప్పనివ్వండి. 3,000 మందికి మందు ఇచ్చాం, ఒక్కరికీ ఏమీ కాలేదు. అయితే ప్రమాదం సున్నాయేనా? కాదు. నిజమైన ప్రమాదం వెయ్యిలో ఒకటి దాకా ఉండవచ్చని గణితం చెబుతుంది. కోటి మంది వాడితే అది పదివేల మంది. ఆ ఒక్కరు ఎవరు? ముందే చెప్పగలమా?

ఒక మందు విషయంలో చెప్పగలుగుతున్నాం. హెచ్ఐవీకి ఇచ్చే అబకవిర్. వాడినవారిలో కొందరికి మొదటి ఆరు వారాల్లో జ్వరం, దద్దుర్లు, వాంతులు వచ్చేవి. తగ్గింది కదా అని మళ్ళీ ఇస్తే ప్రాణం మీదికి వచ్చేది. 2002లో తెలిసింది, ఇది ఎక్కువగా హెచ్‌ఎల్‌ఏ-బి 57:01 అనే జన్యు రకం ఉన్నవారికే వస్తోందని. 2008లో దాదాపు రెండు వేల మందితో చేసిన ప్రయోగంలో, ముందే రక్తం పరీక్షించి ఆ జన్యువు ఉన్నవారికి మందు ఇవ్వకుండా ఆపితే, నిర్ధారణ అయిన ప్రతిచర్యలు 2.7 శాతం నుంచి సున్నాకు పడిపోయాయి. సున్నాకు.

ఎందుకు అన్నది 2012లో తేలింది, తేల్చినవాటిలో మాస్ స్పెక్ట్రోమీటర్ ఒకటి. హెచ్‌ఎల్‌ఏ అంటే కణం తన లోపలి ప్రోటీన్ ముక్కల్ని బయటికి చూపించే పళ్ళెం లాంటిది. రోగ నిరోధక కణాలు ఆ ముక్కల్ని చూసి, ఇది మనదే అని వెళ్ళిపోతాయి. పరిశోధకులు కణాల మీది పళ్ళేలను కడిగి, ముక్కల్ని తూచి చదివారు. మామూలుగా ఆ ముక్కల చివర ట్రిప్టోఫాన్, ఫినైల్ అలనైన్ లాంటి పెద్ద అమైనో ఆమ్లాలుంటాయి. అబకవిర్ ఇచ్చిన కణాల్లో ఐసోల్యూసిన్, ల్యూసిన్ లాంటి చిన్నవి చివరనున్న కొత్త ముక్కలు కనిపించాయి. మందు వెళ్ళి పళ్ళెంలోని గుంటలో కూర్చుంది. పెద్దవాటికి చోటు లేక చిన్నవి ఎక్కాయి. ఆ ముక్కలు కూడా మన సొంతవే. కాని వాటిని అక్కడ ఎప్పుడూ చూడని కాపలావాళ్ళు పరాయివని దాడికి దిగారు. ఆ పత్రం మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒంటి మీద దద్దుర్లను ఒక ముక్క చివరి అక్షరం దాకా తీసుకువెళ్ళి చూపించారు.

సమయం అయిపోతోంది. ఒక చేయి లేచింది, అడగండి అమ్మా.

అమ్మాయి అడిగిన ప్రశ్న అందరికీ వినబడిందా? ఫియాలురిడిన్ ఈ రోజు మన చేతికి వస్తే పట్టుకోగలమా అని. నేను చివరలో చెబుతానన్నది ఇదే.

పట్టుకోగలమనే అనుకుంటున్నాను, కాని ఒక షరతు మీద. ఇది డీఎన్ఏ అక్షరంలా ఉంది, మైటోకాండ్రియాను పరీక్షించండి అని కంప్యూటర్ చెప్పడం నేడు కష్టం కాదు. మనిషి కాలేయ కణాలను పెంచి, మైటోకాండ్రియా డీఎన్ఏ తీసి, అక్షరాలుగా విడగొట్టి తూచవచ్చు. సహజమైన డీఎన్ఏలో అయోడిన్ ఉండదు, ఫ్లోరిన్ ఉండదు. ఈ మందులో రెండూ ఉన్నాయి. అది అక్కడ ఉంటే దాగడం కుదరదు. 2014లో, మనిషి కాలేయ కణాలు నాటిన ఎలుకలకు ఈ మందు ఇస్తే, ఆ రోగుల్లో కనిపించిన నష్టమే కనిపించింది.

షరతు ఏమిటంటారా? కాలం. కణాల మీద విషపరీక్ష మామూలుగా ఒకటి రెండు రోజుల్లో ముగిస్తారు. ఫియాలురిడిన్‌కు రెండు రోజులు చాలవు. అది డీఎన్ఏలోకి ఒక్కొక్క అక్షరంగా చేరుతుంది, కణంలో మైటోకాండ్రియా ఒక్కొక్కటిగా చెడిపోవాలి. అందుకే ఆ రోగుల్లో వారాలు పట్టింది, అందుకే మందు ఆపేసినా ఆగలేదు, అప్పటికే అది లోపల కూర్చుని ఉంది. రెండో రోజు సాయంత్రం గొట్టం తీసి చూసి బాగుందని రాసుకుంటే, ఈ రోజు కూడా తప్పించుకుంటుంది. ఆ కణాలను కనీసం రెండు వారాలు బతికించి, రోజూ మందు ఇచ్చి, రోజూ తూచాలి. ఖర్చు ఎక్కువ, ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. మీరు రేపు ప్రయోగశాలలో ఎవరికైనా ప్రణాళిక రాసి ఇచ్చేటప్పుడు ఆ రెండు వారాలను కొట్టేయనివ్వకండి.